గట్టు మీద జీపీఎస్

ఎవరో దాచిన డబ్బాను ఉపగ్రహాల సాయంతో వెతికే ఆటను జియోకాచింగ్ అంటారని లైబ్రరీలో చదివాను. చేతిలో పట్టే జీపీఎస్‌ల గురించి దొరికినదంతా నోట్సు రాసుకున్నాను. నరసరావుపేటలో సర్వే సామాన్లు అమ్మే భాయ్‌కి ఆయన సరుకు గురించి నేనే పాఠం చెప్పాను. ఆయన ఓపికగా విని, పొడుగాటి యాంటెన్నా ఉన్నదొకటి ఒకరోజు వాడి చూడమని ఇచ్చాడు.

మా పల్నాడులో ఈ ఆట తెలిసిన మేధావిని నేనొక్కడినే అనిపించింది. కాబట్టి కారంపూడి దగ్గర మిరపచేల గట్టు పక్కన డబ్బా దాచిందీ నేనే, వెతకబోయిందీ నేనే. యాంటెన్నా ఎత్తానో లేదో, అటు చేను అన్న, ఇటు చేను తమ్ముడు పరిగెత్తుకొచ్చారు.

"సర్వేయరు గారూ, గట్టు వాడి వైపుకి జరపండి!" అన్నాడు అన్న.

"ఏంది జరిపేది? ముందు ఆ మిషన్ నాకు చూపించు!" అన్నాడు తమ్ముడు.

ఇది ఆట అని చెప్పాను. మూడు మీటర్లు అటూ ఇటూ చూపించడం శాస్త్రరీత్యా సహజమేనని జ్ఞానం కూడా పంచాను.

"మూడు మీటర్లా!" అంటూ ఇద్దరూ ఒక్కటై నా మీదికొచ్చారు.

మర్నాడు మిషన్ తిరిగివ్వడానికి కొట్టుకెళ్తే, భాయ్ బ్యాటరీ, మ్యాపులు అంటూ మొదలుపెట్టాడు. నేను నోట్సు తీయలేదు. చొక్కా జేబులో పూర్తిగా మునిగిపోయేది ఏదో, అది ఇవ్వమన్నాను.