తండాలో పరీక్షకు నిలబడ్డ పెద్దబాపు

మా పెద్దబాపు ఇక లేడన్న కబురు నాకు రఘునాథపల్లి ఇంటి నుంచి రాలేదు. నెల్లికుదురు దగ్గరి ఒక లంబాడి తండా నుంచి వచ్చింది. తండా చర్చి సంఘ పెద్ద ఫోన్ చేసి, "అక్కా, పెద్దయ్య పోయిండు. మేం బయలెల్లినం, నువ్వు గూడ రా" అన్నాడు. సొంత తమ్ముడి బిడ్డను నేనుండగా ముందు వాళ్లకెందుకు చెప్పిందని మా పెద్దమ్మ మీద కోపం వచ్చింది. తరువాత తెలిసింది, తాను పోతే మొదటి ఫోను తండాకే చేయమని ఆయనే చెప్పి పెట్టాడట. ఆ కోపం దిగడానికి మానుకోట నుంచి రఘునాథపల్లి దాకా పట్టింది. దిగాక ఏడుపు వచ్చింది.

పేపర్లో ఫొటో పడేంత మనిషి కాదు ఆయన. కాలిపోయిన బావి మోటార్లకు రాగితీగ చుట్టే మేస్త్రి, మా చిన్న చర్చికి పెద్ద. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పలకరించినా ఎడమ చెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి దిగేదాకా రైతైనా, చర్చిలో బోధించే అయ్యగారైనా, చివరికి పెద్దమ్మైనా నోరు మూసుకుని నిలబడాల్సిందే. లెక్క తప్పిందని అనుమానం వస్తే చుట్టిందంతా విప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. "చుట్టు తక్కువైతే కాలుతది బిడ్డా, కరెంటుకు మన మొకం తెల్వది" అనేవాడు. సంఘం పనుల్లోనూ అదే పట్టు. ఆ పట్టు వల్లే మా చర్చి నిలబడింది. ఒకసారి ఆ పట్టు వల్లే విరిగింది కూడా.

అప్పుడు అంతా ఒకే జిల్లా. రఘునాథపల్లిలో, చిట్యాలలో, ఆ తండాలో మావి మూడు చోట్ల చిన్న చిన్న కూడికలు, మూడూ కలిసి ఒకే సంఘం. యేసును తలుచుకుని రొట్టె పంచుకునే ప్రభు భోజనానికి ముందు సంఘ పెద్దలు ఇంటింటికీ వెళ్లి, విశ్వాసం గురించి పుస్తకంలో ఉన్న ప్రశ్నలు అడిగి, జవాబులు అప్పజెప్పగలిగినవాళ్లను రొట్టె బల్ల దగ్గరికి రమ్మనడం మా రివాజు. తండాలో సంఘ పెద్ద తల్లి, పెద్ద వయసు అవ్వ, మొదటి జవాబు తడబడుతూ చెప్పింది. తెలుగు ఆమె ఇంటి భాష కాదు మరి. మా పెద్దబాపు ఆమెను "మంచిగ నేర్చుకోని వచ్చే తడవ చెప్పు అవ్వా" అని పక్కన పెట్టాడు. ఆ ఆదివారం రొట్టె పళ్లెం ఆమె ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయింది. మరుసటి నెల నుంచి తండావాళ్లు మా కూడికలకు రావడం మానేసి, తమ రేకుల కప్పు కింద తామే ఆరాధన పెట్టుకున్నారు. ఆయన చేసింది తప్పని నాకు ఆ రోజే అనిపించింది. చెప్పే ధైర్యం చాలలేదు.

నాలుగేళ్లకు, ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. నేను మానుకోటలో ఇంగ్లీషు టీచరును. బళ్లు మూత, బస్సులు బందు. పెద్దబాపు తన మోపెడ్ మీద మానుకోట దాకా వచ్చి, రోడ్డు మీదే వండి తినే వంటావార్పు నిరసనలో కూర్చున్నాడు. ఎవరో మైకు చేతికిచ్చారు. మన మాటను సినిమాల్లో నవ్వులాట చేశారని, మన అవ్వ తన మాటలో చెప్తే అది చెప్పినట్టు కాదా అని గట్టిగా అడుగుతున్నాడు. చప్పట్లు మోగుతున్నాయి. విస్తరి ముందు కూర్చున్నవాళ్లలో తండా సంఘ పెద్ద ఉన్నాడు. అతను చప్పట్లు కొట్టలేదు, తినడం ఆపి ఊరికే చూస్తున్నాడు. పెద్దబాపు అతన్ని చూసి మాట మధ్యలో ఆపేసి, మైకు పక్కవాడికి ఇచ్చి లేచి వచ్చేశాడు. ఆ పూట తినలేదు. మానుకోటలో మా ఇంటికి వచ్చాక నాతో అన్నాడు: "మనల్ని ఎట్ల జేసిన్రని నేను మొత్తుకుంటున్ననో, ఆ అవ్వను నేను గట్లనే జేసిన బిడ్డా."

ఆ తరువాతి ప్రభు భోజనంలో ఆయన అందరికీ పళ్లెం అందించాడు కానీ తాను ముక్క తీసుకోలేదు. ఎవరితోనైనా తగవున్నవాడు అది తీర్చుకున్నాకే రొట్టె ముట్టాలన్నది ఆయనే నడిపించిన నియమం. తనకు మినహాయింపు లేదనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక మహాసభలో చేరడానికి ఫారం వచ్చింది. మాలాంటి రిఫార్మ్డ్ శాఖ క్రైస్తవ సంఘాలు దేశదేశాల నుంచి కొన్నేళ్లకోసారి ఒకచోట కూడి, ఒకరి విశ్వాసాన్ని ఒకరు గుర్తించుకుని, బోధకులను తయారు చేయడంలో చెయ్యందించుకునే అంతర్జాతీయ మహాసభ అది. అందులో చోటు దొరికితే, అయ్యగారు లేక ఎదురుచూస్తున్న చిట్యాలకు ఒకరిని చదివించుకోవచ్చని మా ఆశ. ఫారం తెలుగు చేసి చదివింది నేనే. అందులో ఒక ప్రశ్న: మీ ప్రాంతంలో మీ విశ్వాసమే గల ఇతర సంఘాలు ఉన్నాయా, వాటితో మీ సంబంధం ఎలా ఉంది?

మా అయ్యగారు మంచివాడే, కాకపోతే తొందర మనిషి. మూడు చోట్లా ఒకే సంఘమని రాసేయమన్నాడు. రిజిస్టరులో తండా పేరు ఇంకా అలాగే ఉందిగా అన్నాడు. పెద్దబాపు చేతిలో ఆ రోజు తీగ లేదు, అయినా ఎడమ చెయ్యి లేచింది.

"నెల్లికుదురుతోని కలువలేనోళ్లం దేశదేశాలతోని ఏం కలుస్తం అయ్యగారూ? జర ఆగున్రి" అన్నాడు.

గడువు మూడు నెలలు కూడా లేదు. చిట్యాలవాళ్లు పరేషాన్ అయ్యారు, నీ పంతానికి మేం బలి కావాలా అని ముఖం మీదే అడిగారు. ఆయన నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని తండాకు బయల్దేరాడు.

అవ్వ వేపచెట్టు కింద మంచంలో ఉంది. పెద్దబాపు నేల మీద కూర్చుని మాఫీ అడిగాడు. అవ్వే, తనకు వచ్చిన తెలుగులో, తాపీగా చెప్పింది: "నీ మాటల చెప్పరాలేదని నాకు రొట్టె ఇయ్యకపోతివి. నువ్వు నా మాటల చెప్పు. అప్పుడు రా."

నాకు ఒళ్లు మండింది. పెద్దబాపుకు మండలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన మొహం చూస్తే పెద్ద బేరం కుదిరినవాడిలా ఉన్నాడు.

సమ్మె ముగిసి బళ్లు తెరిచారు. మా బడిలో మధ్యాహ్నం వంట చేసే లంబాడి అక్కను ఆయనకు గురువుగా కుదిర్చాను. రోజూ వంట దించాక నా సెల్లులో పాఠం. అటు మోటార్ల కొట్లో ఆయన తీగ చుడుతూ అప్పజెప్పేవాడు, ఇటు ఆమె గరిటె పట్టుకుని దిద్దేది. మీ పెద్దబాపుకు నోరు తిరగదు, ఆ కాలిన మోటరే నయమని నవ్వేది. ఆయన మాత్రం తప్పొచ్చిన చోట ఆగేవాడు కాదు, మొదటి మాట నుంచి మళ్లీ ఎత్తుకునేవాడు.

తరువాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఫారంలో జరిగింది జరిగినట్టు రాశాం, తప్పు మాదేనని కూడా. మొదటిసారి మమ్మల్ని చూసిపొమ్మనే పిలిచారు, ఆ తరువాత చేర్చుకున్నారు. అయ్యగారు వెళ్లి వచ్చి, అక్కడ అందరూ మా తండా గురించే అడిగారని చెప్పాడు. ఒకే విశ్వాసంతో ఒకే వీధిలో ఉండి పలకరించుకోని రెండు సంఘాల్లో ఒకదాని నుంచి వచ్చిన ముసలి బోధకుడు ఆ కాగితం నకలు అడిగి తీసుకున్నాడట. చిట్యాలకు ఇవాళ సొంత అయ్యగారు ఉన్నాడు. మహాసభలంటే పెద్దవాళ్ల ప్రయాణాలూ ఫొటోలూ అని పెదవి విరిచేవాళ్లతో నేను ఏకీభవించను. నాలుగేళ్లు మాలో మేం అడుక్కోలేని ప్రశ్నను ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు ఒక్క గీతలో అడిగారు. దానికి నిజం రాయాలని పట్టుబట్టినవాడు మా ఇంట్లో ఉన్నాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఆ ఫారం గడువుకు ముందు ఆదివారం తండా రేకుల కింద ప్రభు భోజనం. అవ్వను మంచంతో సహా మోసుకొచ్చి ముందు దించారు. పెద్దబాపు లేచి, బడిపిల్లవాడిలా చేతులు కట్టుకుని, వాళ్ల భాషలో మొదటి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. సగం దాకా బాగానే సాగింది. అక్కడ మాట జారిపోయింది. చెమట తుడుచుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, రాలేదు. ఎవరూ నవ్వలేదు. మంచంలోంచి అవ్వ మెల్లగా ఒక మాట అందించింది. అది అందుకుని చివరిదాకా చెప్పేశాడు.

కొడుకు తల్లి వైపు చూశాడు.

"తప్పులు శానున్నయి. గని నాకు సమజైంది" అంది అవ్వ. "ఇయ్యున్రి."

పళ్లెం వచ్చింది. పెద్దబాపు ముక్క తీసుకుని, నోట్లో పెట్టుకోలేక అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కళ్ల నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి. పళ్లెం అవ్వ దగ్గర ఆగింది, ఆమె కూడా ఒక ముక్క తీసుకుంది. అందరూ తినడం అయిపోయింది. ఆయన తినేదాకా ఆమె తన ముక్కను చేతిలోనే పట్టుకుని ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది.