అక్క మీదికి దండెత్తిన కారియర్లు

పోయిన వారం సూర్యాపేటలోనే మా కోడలికి పిత్తాశయం తీసేశారు. ఒకనాడు పొద్దున చేరింది, మర్నాడు సాయంత్రానికల్లా కడుపు మీద చిన్న చిన్న పట్టీలతో ఆటో దిగి, తన చెప్పులు తానే విప్పుకుని ఇంట్లోకి నడిచి వచ్చింది. ఆమె మంచం మీద నడుము వాల్చిందో లేదో ఫోను మోగడం మొదలైంది. మా బంధువులంతా కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. పనికొచ్చే కబురు ఒక్కటి కూడా అందులో నేను చూసిన పాపాన పోలేదు గాని, ఆ రోజు మాత్రం మహామహా వైద్యులు బయలుదేరారు. తిత్తి తీసేస్తే ఒళ్ళు దానంతటదే కరిగిపోతుందని ఒకావిడ అభినందించింది. తిత్తి తీసేస్తే ఏడాది తిరిగేసరికి గుమ్మం పట్టనంత అవుతారని ఇంకొకావిడ బెదిరించింది. పరగడుపున నిమ్మరసంలో నూనె కలుపుకుని తాగితే కాలేయంలో ఉన్న విషమంతా కొట్టుకుపోతుందని, చొక్కా లేని ఒక కుర్రవాడు చెబుతున్న వీడియోను ఎవరో మహానుభావుడు పంపాడు. కాలేయం ఏ పక్కన ఉంటుందో కూడా ఆ కుర్రవాడికి తెలిసినట్టు లేదు, చెయ్యి ఎడమవైపు వేసుకుని మరీ వివరిస్తున్నాడు. మా కోడలు బుద్ధిమంతురాలు కనుక ఫోను బోర్లించి నిద్రపోయింది. నేను మాత్రం ఆమెకు పెసరకట్టు కాస్తూ, పొయ్యి దగ్గర నిలబడి మా అక్కను తలచుకున్నాను.

మాది నడిగూడెం. అక్క నాకంటే బాగా పెద్దది, నేను బడికి పోయే రోజుల్లోనే ఆమెను మిర్యాలగూడలో ఇచ్చారు. మా బావ ఒక రైసుమిల్లులో తూకాల దగ్గర ఉండేవాడు. మాట పెద్దగా పెగలని మనిషి, పెగిలినప్పుడు కూడా అది వాళ్ళమ్మ చెప్పిన మాటే అయి ఉండేది. అక్క అక్కడే ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. నిండైన మనిషి, నలుగురు పట్టే అన్నం గంజును ఒక్కతే దించేది, ఆమె చేసిన పప్పుచారు కోసం సెలవులకు ఇంటికి పోయిన పిల్లలు కూడా తొందరగా తిరిగొచ్చేవారని చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం ఆ నిండుతనమే ఆమె నేరం. వాళ్ళ అత్తగారు ఇరుగుపొరుగు వినేలాగే "తిని తిని బలిసింది" అనేది. 

అటువంటి అక్కకు కుడిపక్క డొక్క కింద నొప్పి మొదలైంది. తిన్న కాసేపటికి మెలిపెట్టినట్టు వచ్చేది, వీపులోకి పాకేది, వాంతులయ్యేవి. ఇంటిల్లిపాదీ కలిసి దానికి గ్యాసు అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో ఆడదానికి కడుపులో ఏం వచ్చినా గ్యాసే, తలలో ఏం వచ్చినా దిష్టే. సోడా తాగించారు, జీలకర్ర నమిలించారు, నాభి జారిందని ఎవరి చేతో కడుపు రుద్దించారు. ఏళ్ళ తరబడి అట్లా నెట్టుకొచ్చాక, ఒకనాడు హాస్టల్లోనే పొయ్యి ముందు కుప్పకూలితే అక్కడి వాళ్ళు భయపడి చెప్పిపంపారు గనుక, అప్పుడు సూర్యాపేట తీసుకొచ్చి స్కానింగు తీయించారు. తిత్తి నిండా రాళ్ళు.

ఎండాకాలం సెలవుల్లో ఆపరేషను చేశారు. ఇప్పటిలా చిల్లులు పెట్టి తీయడం కాదు, పక్కటెముకల కింద ఇంత పొడుగున కోసి తీయడం. అప్పటికి నాకు అనంతగిరిలో టీచరు ఉద్యోగం వచ్చి, కోదాడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. సెలవులు కదా, దవాఖానాలో అక్క దగ్గర నేనే ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఓపిక గల మనిషి, మంచం పక్కన నిలబడి నాకూ మా బావకూ అత్తగారికీ విడమరిచి చెప్పాడు. అన్నం అరిగించే పసరు తయారయ్యేది కాలేయంలోనే, ఈ తిత్తి దాన్ని దాచిపెట్టే చోటు మాత్రమే, ఇక నుంచి ఆ పసరు కొంచెం కొంచెంగా పేగులోకి దిగుతూనే ఉంటుంది, కనుక ఒక్కసారిగా నెయ్యీ నూనే మాంసమూ దట్టిస్తే అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి, కొన్ని వారాలు తేలికైనవి కాస్త కాస్తగా ఎక్కువసార్లు తినాలి, ఆ తరువాత నెమ్మదిగా అన్నీ అలవాటవుతాయి అన్నాడు. ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? అత్తగారు బయటికి వచ్చీ రాగానే పెదవి విరిచింది.

"మీసం సక్కగ మొలవని పోరడు, వానికేం తెలుసు. కోసిన కాడ కండ వట్టాలంటే శోర్వ తాగాలె."

అక్క వెంట నేనూ మిర్యాలగూడ పోయాను, అక్కడ మొదలైంది అసలు వైద్యం. అక్కడ వాళ్ళకో ఆనవాయితీ ఉంది. ఆపరేషనైన మనిషిని చూడబోయే వాళ్ళు ఉత్త చేతులతో పోరు, కారియరు కట్టుకుని పోతారు. తెచ్చిన వాళ్ళ కళ్ళ ముందే రోగి నాలుగు ముద్దలు తినాలి, లేకపోతే మేం తెచ్చింది మీ నోటికి రాలేదా అని మాట పట్టింపు. కడిగిన గిన్నెలో గుప్పెడు బియ్యమో బెల్లం ముక్కో వేసి పంపాలి గాని ఖాళీగా పంపకూడదు. వినడానికి ఎంత బాగుందో చూడండి. కాని ఆ గిన్నెల్లో ఏమున్నాయి? మేక కాళ్ళ పాయ, ఎముకలు కాచిన బొక్కల శోర్వ, తలకాయ కూర, పైన వేలెడు మందాన నెయ్యి తేలే పప్పు. మే నెల ఎండలో, పచ్చి కుట్ల మీద. బస్సులెక్కి వచ్చేవారు, ఒడిలో కారియరు పెట్టుకుని, యజ్ఞానికి పోతున్నంత గంభీరంగా. ఒక్కరికైనా డాక్టరు ఏం చెప్పాడని అడగాలన్న తెలివి లేదు. అడిగితే చిన్నతనమేమో.

అందరిలోకీ ఘనురాలు మా బావ చెల్లెలు. ఆవిడ విద్వత్తు చెబితే గాని మీకు ఆ ఇల్లు అర్థం కాదు. కోడిని కోసినప్పుడు కాలేయాన్ని అంటిపెట్టుకుని పచ్చటి తిత్తి ఉంటుంది కదా, దాన్ని చేదు అంటారు. అది పగిలితే కూరంతా విషంలా అవుతుందని ముందుగా దాన్ని తీసి పారేస్తారు. ఆవిడ దాన్ని మా అక్కకు అన్వయించింది.

"చేదు తీసేసిన్రు గద వదినా, ఇగ భయమేంది? కడుపు సాఫైంది. ఏది తిన్నా పడతది, తిను."

ఇల్లంతా ఆహా అని తలూపింది. బాగుచేసిన కోడితో మనిషిని సమానం చేసి, కత్తి పట్టిన డాక్టరుకు తెలియని సంగతి కత్తిపీట ముందు కూర్చున్న తమకు తెలిసిందని వాళ్ళు నిజంగానే నమ్మారు. చదువు లేకపోవడం తప్పు కాదు. మా అమ్మకూ చదువు లేదు, కాని తెలియని చోట నోరు మూసుకోవడం ఆమెకు వచ్చు. ఈ మందకు అది రాదు.

అక్క తిన్నది. అదీ నాకు ఒళ్ళు మండించింది. వచ్చిన ప్రతి కారియరుకూ లేచి కూర్చుని, కుట్ల మీద ఒక చెయ్యి ఆనించుకుని, పెట్టినంతా తిన్నది. తిన్న గంటకు దొడ్డికి పరుగు. ఆ పరుగులో కుట్లు గుంజి, గోడ పట్టుకుని ఏడ్చేది. వచ్చి పడుకునేలోపు ఇంకో కారియరు. మనిషి నా కళ్ళ ముందే కరిగిపోయింది. రవికలు వేలాడాయి, గాజులు మోచేతి దాకా జారాయి, చెంపలు లోపలికి పోయాయి. బలిసిందన్న నోటితోనే అత్తగారు "గీ సన్నబడుడేంది, కట్టెపుల్లయింది" అని ముక్కున వేలేసుకుని, బలం చాలడం లేదని తీర్పు చెప్పి, శోర్వ మోతాదు పెంచింది. కరిగిన కొద్దీ పెట్టారు, పెట్టిన కొద్దీ కరిగింది. లోపల ఇంకేదో పెద్ద రోగం ఉందని గుసగుసలు కూడా మొదలుపెట్టారు. ఇంతలో హాస్టలు నుంచి కబురొచ్చింది. బళ్ళు తెరిచేనాటికి వచ్చి పొయ్యి ముందు నిలబడగలిగితే సరే, లేకపోతే వేరే ఆమెను పెట్టుకుంటామన్నారు. అక్కకు ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఆ వంటగది ఒక్కటే తనది. ఆ కబురు విన్నాక ఆమె ముఖం చూడలేకపోయాను.

మా బావను పక్కకు పిలిచి, డాక్టరు చెప్పిన మాట మీరూ విన్నారు కదా, ఆపండి అన్నాను. ఆయన కండువాతో మెడ తుడుచుకుని, "పెద్దోళ్ళు జెప్తున్నరు గద మరదలా" అన్నాడు. మిల్లులో బస్తా బరువు ఇంతైనా తగ్గితే లారీని ఆపేసే మనిషి, ఇంట్లో పెళ్ళాం సగమైపోతుంటే పెద్దోళ్ళ మాట అంటాడు. ఆయన మీద నాకున్న కాస్త మర్యాదా ఆ రోజుతో ఖతం. మర్నాడు ఆటో పిలిచి, నాలుగు చీరలు సంచిలో కుక్కి, అక్కను కోదాడ బస్సెక్కించాను. నాలుగక్షరాలు రాగానే కళ్ళు నెత్తికెక్కాయని అత్తగారు గడప దాకా వచ్చి తిట్టింది. ఆడబిడ్డ మాత్రం, ఏమాటకామాటే, బస్సు దగ్గరికి కూడా ఒక కారియరు తెచ్చింది.

కోదాడలో నా గదిలో చేసిందేమీ బ్రహ్మవిద్య కాదు. మెత్తగా వండిన అన్నం, పెసరకట్టు, నూనె చూపించీ చూపించనట్టు బీరకాయ కూర, పలుచని మజ్జిగ, ఇడ్లీ. చిన్న పళ్ళెంలో కొంచెం పెట్టి, మళ్ళీ కాసేపాగి ఇంకొంచెం. పక్కవాటాలో ఇంటావిడ ఆవకాయ కలుపుతుంటే ఆ వాసనకు అక్క ముక్కు ఎగబీల్చేది, నేను కిటికీ వేసేదాన్ని. నాలుగు రోజులకు పరుగులు తగ్గాయి. వారం తిరిగేసరికి నడుము నిలబెట్టి కూర్చుని నాకు జడ వేసింది.

అప్పుడడిగాను. కోపంగానే అడిగాను. డాక్టరు నీ మంచం పక్కనే నిలబడి చెప్పాడు, తింటే ఏమవుతుందో మొదటి రోజే చూశావు, నలుగురికి వండిపెట్టే దానివి, ఆ మాత్రం తెలియక ఆ చెత్తంతా ఎందుకు తిన్నావని. అక్క జడ కొస ముడివేసి నెమ్మదిగా చెప్పింది.

"తెల్వక తింటినా చెల్లె? ఆ ఇంట్ల కాలు వెట్టినకాంచి నాకు ముందుగాల వడ్డించినోళ్ళు లేరు. అందరు తిన్నంక గంజు అడుగున ఉన్నదే నాది. ఉంటె తిన్న, లేకుంటె లే. కడుపు కోసినంకనే గద, మా అత్త మంచం కాడికి వేడివేడిగ తెచ్చి, తిను బిడ్డా, తిను అన్నది. గట్ల అంటుంటె వద్దనబుద్ధి గాలె."

అంతవరకు వాళ్ళ తెలివితక్కువతనం మీదే నాకు ఏవగింపు ఉండేది, ఆ పూటతో అది ఎంత చిన్న విషయమో తెలిసింది. ఒక మనిషికి వేడి అన్నం ముందుగా వడ్డించడానికి ఆమె కడుపు కోయవలసి వచ్చిన ఇల్లది. బలిసిందని రోజూ వాళ్ళు ఎత్తిపొడిచిన ఆ ఒళ్ళు, అడుగంటిన మెతుకులతో పెరిగిన ఒళ్ళు.

బళ్ళు తెరిచిన రోజున అక్క హాస్టల్లో పొయ్యి ముందు నిలబడింది. గంజు దించడానికి కొన్నాళ్ళు ఇంకొకరి సాయం తీసుకుంది, అంతే. ఆమె కోలుకున్నది బొక్కల శోర్వ బలంతోనే అని అత్తగారు వాడంతా చెప్పుకుంది, చెప్పుకోనీ. నొప్పి భయం లేకుండా తినడం వల్ల ఏడాదిలో అక్కకు మునుపటి ఒళ్ళు వచ్చింది, ఇంకాస్త ఎక్కువే వచ్చింది. అప్పుడు ఆ ఆడబిడ్డే, ఆ కోడి పండితురాలే, "తిత్తి తీస్తె గిట్లనె లావైతరట, వద్దంటె విన్నరా" అని నలుగురిలో వాపోయింది. ఎవరు వద్దన్నారో, ఎవరు వినలేదో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు కారియర్లు కట్టుకుని ఎవరూ రారు. సలహా చెప్పడానికి బస్సెక్కవలసిన పని కూడా లేకుండా పోయింది, కూర్చున్న చోటి నుంచే విసురుతున్నారు. కోత పోయి చిల్లులొచ్చాయి, పది రోజుల మంచం పోయి ఒక రోజయింది. మా కోడలు ఆకలైనప్పుడు తింటుంది, ఎవరికోసమూ ఆగదు, అది చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. మా కాలం గొప్పదని మాట్లాడే నా ఈడు వాళ్ళను చూస్తే మాత్రం ఇప్పటికీ చిరాకే. ఎవరు చివర తింటే ఆ కాలం అంత గొప్పగా గడిచిందో వాళ్ళు ఎప్పుడూ చెప్పరు.

అక్క అత్తగారూ పోయింది, బావా పోయాడు. అక్క మొన్నామధ్య నా దగ్గర నాలుగు రోజులు ఉండి వెళ్ళింది. ఇప్పుడామె ఏదైనా తినొచ్చు, ఎంతైనా తినొచ్చు, అడిగేవాళ్ళు లేరు. మా ఇంట్లో అందరికంటే ముందు ఆమెనే కూర్చోబెట్టి, పొగలొచ్చే అన్నం వడ్డించి, నాకు పనుంది, నువ్వు తినమని లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అక్క కంచం మీద ఇంకో కంచం బోర్లించి పెట్టి, గోడకానుకుని మా అందరి కోసం చూస్తూ కూర్చుంది.