కరెంటు రోలుకు కక్కు

మొగుడితో వేగలేక తాయమ్మ ప్రాణం విసిగిపోయింది. తమిళనాడు ధర్మపురిలో రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళలో ఆమె మొగుడు ఎల్లప్పన్‌ది పేరున్న చెయ్యే. రుబ్బి రుబ్బి నున్నగైన రాతికి అతను ఉలితో గాట్లు పెడితే పిండి వెన్నలా దిగాల్సిందే. ఏం లాభం? ఎనభై నాలుగులో వీధివీధికీ గ్రైండర్లు దిగినాయి. స్విచ్చి నొక్కితే రాయి తనంతట తానే తిరుగుతుంది. పాత రోళ్ళు పెరట్లో కోళ్ళకు నీళ్ళ తొట్లయిపోయినాయి.

"కరెంటు తిప్పే రాతికి చచ్చినా కక్కు కొట్టను!" అని ఒట్టు పెట్టుకున్నాడు మహానుభావుడు. ఒట్టు కూడు పెడతాదా? పొద్దున్నే ఉలి సంచీ భుజానేసుకొని, "అమ్మి కొత్తలియో!" అని, రాతికి కక్కు కొట్టించుకోరా అని వీధుల్లో తమిళంలో గొంతు చించుకొని, మధ్యాహ్నానికి ఒట్టి చేతులతో వచ్చి, "ఈ ఊరు చెడిపోయిందే" అనేవాడు. పొయ్యిలో పిల్లి లేవకుంటే ఊరు చెడితేనేమి, బాగుపడితేనేమి?

ఒకనాడు బట్టలంగడి వాళ్ళ ఇల్లాలు వేదవల్లమ్మ కబురు పంపింది. గ్రైండరు కొని ఏడాది కాలేదు, అప్పుడే రాయి నునుపెక్కి ఇడ్లీలు గట్టిపడతాండాయంట. "మా తాత కొట్టినాడా మిషన్లకు? నేను రాను పో," అన్నాడు ఎల్లప్పన్.

తాయమ్మకు ఒళ్ళు మండింది. "రాయి రాయే కదయ్యా! దాన్ని ఎవురు తిప్పితే నీకేం?" అని సంచీ లాక్కొని తానే పోయింది. కక్కు కొట్టేవాళ్ళ ఇండ్లల్లో ఆడది ఉలి పట్టే వాడుక లేదు. అయినా ఇన్నేండ్లుగా చూస్తానే ఉండింది కదా! "ముందు ఆ వైరు పీకెయ్యమ్మా," అని కూచుంది. మొదటి దెబ్బ వేలిమీద పడింది. వేలు నోట్లో పెట్టుకొని, మొగుణ్ణి కడుపారా తిట్టుకొని, రెండో దెబ్బ రాతిమీద వేసింది.

ఎవరు చెప్పినారో, ఎల్లప్పన్ రొప్పుకుంటా వచ్చినాడు. పెండ్లాం చేతిలో తన ఉలి! "గాటు లోతైపోతాంది, పిండిలో రాతిపొడి పడతాది. ఇట్లియ్యి!" అని చెయ్యి చాపినాడు.

"నువ్వు కొట్టవు కదా!" తాయమ్మ తలెత్తలేదు, ఉలి ఇయ్యలేదు. చాచిన చెయ్యి అట్లే ఉండిపోయింది. ఆమెకు జాలేసింది. కానీ ఈ పూట జాలిపడితే రేపు మళ్ళీ పస్తే. గాటు కొంచెం పైపైన కొట్టింది.

"ఎదురింటి పూంగావనం గ్రైండరూ ఇట్లే ఉంది. రేపు ఎవరొస్తారు?" అనడిగింది వేదవల్లమ్మ.

ఎల్లప్పన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆమే వస్తాదమ్మా. ఉలికి నేను పదును పెట్టి పంపిస్తా."

ఈ ఒక్క మాట అనేదానికి ఇన్నాళ్ళు పస్తులు పెట్టినాడే అని తాయమ్మకు మళ్ళీ మండుకొచ్చింది. కండ్లు మాత్రం తడిసినాయి.