డ్రై సూట్ కింద పసుపు దారం

2007లో పంజాగుట్టలో, మెట్లెక్కి రావాల్సిన ఒక చిన్న గదిలో డైవింగ్ సామాన్ల షాపు నడిపేవాణ్ణి. సముద్రం లేని ఊళ్లో ఇదేం వ్యాపారమని మా విశాఖ బంధువులు ఆటపట్టించేవారు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి, ఉద్యోగంలో చేరి, ఆఫీసు పని మీద చలిదేశాలకు వెళ్లేవాళ్లే నన్ను పోషించారు. మధ్యాహ్నం తలుపు వేస్తే కింది ట్రాఫిక్ అలల హోరులా వినిపించేది. వేలాడే సూట్లు ఫ్యాను గాలికి మెల్లగా ఊగేవి. అలా చూస్తూ ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి.

అలాంటి ఒక మధ్యాహ్నం బల్కంపేట నుంచి శ్రీనివాస్ వచ్చాడు. ఆఫీసు అతన్ని నార్వే పంపుతోంది.

"ఆడ నీళ్లల్ల అడుగుదాంక కనపడుతదంట అన్నా. ఒక్కసారన్నా చూడాలె."

అంత చలికి, ఒళ్లు తడవనివ్వని డ్రై సూటే కావాలి. మెడ దగ్గర, మణికట్ల దగ్గర సీల్స్ అనే పల్చటి రబ్బరు పట్టీలు చర్మాన్ని కరుచుకుని నీటిని ఆపుతాయి. లోపల ఉన్ని బట్టలు వేయించి, పైన సూటు తొడిగి చేతులెత్తమన్నాను. షేర్ ఆటోలో ఇరుక్కున్నట్టు ముడుచుకు కూర్చోమన్నాను. ఎక్కడా పట్టెయ్యలేదు.

తెలిసినవాళ్ల స్విమ్మింగ్ పూల్‌లో దించాం. గాలి నిండిన సూట్లో వెల్లకిలా తేలుతూ, కళ్లు మూసుకుని తనలో తాను నవ్వుకున్నాడు. బయటికొచ్చాక చూస్తే కుడి చెయ్యి మోచేతి దాకా తడి. సీల్ కింద పసుపు దారం ఉంది. దారం వత్తిలా నీటిని లోపలికి లాగుతుంది. గడ్డకట్టే నీళ్లలో అదే ప్రాణం మీదికి తెస్తుంది.

"అది విప్పాలండి," అన్నాను.

"మా ఆమెకు నీళ్లంటే భయం అన్నా. ఎల్లమ్మ గుడిల కట్టింది. ఇది చేతికుంటెనే దిగుమన్నది, మాటిచ్చిన. విప్పాల్నంటే నాకు డైవింగే వద్దు."

ఆ మాటకు నాకు ముచ్చటేసింది, దిగులూ వేసింది. ఆవిణ్ణి ఒకసారి తీసుకురమ్మన్నాను.

సరిత వచ్చింది కానీ సూట్లకు దూరంగా నిలబడింది. చెప్పి ఒప్పించడం నావల్ల కాదనిపించి బకెట్ నిండా నీళ్లు తెచ్చాను. "చెయ్యి మాత్రం పెట్టి చూడండమ్మా."

బట్టలుతికే ముందు చేసినట్టే, ఆమె గాజులు మోచేతి వైపు తోసుకుని సూటు చేతిలో చెయ్యి దూర్చింది. నీళ్లలో ముంచి, చాలాసేపు అలాగే ఉంచింది. తీశాక గాజులు తడిమి చూసుకుంది.

"గాజులు సుత తడవలే," అంది మెల్లగా. తర్వాత భర్త చెయ్యి పట్టుకుని దారం విప్పి, మోచేతి పైన దండకు కట్టింది. "నేనే కట్టిన, నేనే జరుపుతున్న. గిక్కడైతే అమ్మ నీతోనే లోపటుంటది."

శ్రీనివాస్ తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేనూ బకెట్ వంక పెట్టి బయటికి వెళ్లాను.

ఆనాటి నుంచి ఎవరొచ్చినా టేపు తీసేముందు చేతికేముందో, ఎవరు కట్టారో అడిగేవాణ్ణి. సూటు వేసుకునేది ఒకరే అయినా, అది ఒడ్డున ఉండేవాళ్లకు కూడా సరిపోవాలని నాకు నేర్పింది ఆ ఇద్దరే.

చలికాలంలో సరిత షాపుకు ఫోన్ చేసింది.

"దిగిండంట అన్నా. అడుగుదాంక కనపడ్డదంట. దారం తడవలేదంట." ఆ తర్వాత అడిగింది: "నా సైజుల సుత ఉంటదా?"