రేగుకాయ చక్రాల రథం

అరసవల్లి వెళ్ళాలనుకునేవాళ్ళకి మొదటి మాట. మాఘమాసంలో ఆదివారం నాడు వెళ్ళేటట్టయితే గరివిడిలో తెల్లవారుజాము పాసింజరే ఎక్కండి. తర్వాతి బండిలో కాలు పెట్టడానికి చోటుండదు. రెండో మాట, మనసులో దెబ్బలాట పెట్టుకుని వెళ్ళకండి. నేను పెట్టుకునే వెళ్ళాను.

సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి సుఖం. మా అప్ప, అంటే నా తోడబుట్టిన పెద్దది, దసరాలకు ముందు జ్వరం వచ్చి చనిపోయింది. దాని కూతురు కనకానికి ఆరో ఏడు. మా బావకి ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం, అక్కడ పిల్లని చూసే దిక్కు లేదు. దినాలయ్యాక కనకాన్ని నేనే గరివిడి తెచ్చుకున్నాను. నాకు పిల్లల్లేరు. పుష్యం వెళ్ళిపోతుండగా నౌపడ నుంచి బావ తల్లి కబురంపింది. మా ఇంటి పిల్ల మా ఇంట్లోనే ఉండాలి, మాఘ ఆదివారం అరసవల్లి తీసుకురా, దేవుడి ఎదుట తేల్చుకుందాం అని. మీరిద్దరూ ఏం తేల్చినా సరేనన్నాడు బావ. మగవాళ్ళకి ఆ సౌకర్యం ఎప్పుడూ ఉంటుంది.

నా భయం ఒక్కటే. కనకం ఇన్నాళ్ళూ నా చేతి అన్నం తింది, నా పక్కన పడుకుంది, కానీ ఒక్కసారైనా పిన్నీ అని పిలవలేదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, అంతే. ఆడదు, నవ్వదు. నీ దగ్గర పిల్ల ఇలా అయిపోయిందేమిటని ఆవిడ అడుగుతుందేమోనని.

పరమాన్నానికి పాలు, కొత్త బియ్యం, బెల్లం మూట కట్టుకున్నాను. నైవేద్యం పెట్టడానికి చిక్కుడాకులు మాత్రం లేవు. పక్కింటి గోడ నిండా చిక్కుడుపాదే, కానీ ఆ ఇంటావిడకీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఆవిడ కోడి మా వడియాలు తింది. అరసవల్లిలోనే కొనుక్కుందామనుకుని బయల్దేరాను. మా ఆయనకి ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు, స్టేషనుదాకా వచ్చి ఎక్కించి వెళ్ళిపోయారు.

మూడో తరగతి పెట్టె, చలి, కంట్లో బొగ్గు నలుసులు. ఎదుటి బల్ల మీద ఒక ముసలి రైతు ఒళ్ళో చెరుకుగడలు పెట్టుకుని కూర్చున్నాడు. అవి పరమాన్నం కలపడానికట. చీపురుపల్లి దాటాక కనకాన్ని చూసి, “పాప మీదేనేటమ్మా?” అన్నాడు. “నా పిల్లే” అన్నాను, కాస్త గట్టిగానే. కనకం కిటికీలోంచి చూపు తిప్పలేదు. అవునన్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. ముసలాయన ఇంకేం అడక్కుండా దానికో చెరుకుముక్క విరిచి ఇచ్చాడు. అది చేత్తో పట్టుకుందే గాని నోట్లో పెట్టలేదు.

శ్రీకాకుళం రోడ్డులో దిగేసరికి ఎండ పొడ వచ్చింది. ఆమదాలవలస అని టిక్కెట్టు అడిగినా ఇస్తారు, రెండూ ఒకటే. బయట ఊళ్ళోకి వెళ్ళే బస్సు సిద్ధంగా ఉంది. నించునే వెళ్ళాం. ఊళ్ళో దిగి జట్కా కోసం చూడకండి, రిక్షా మాట్లాడుకోండి, జనంలో గుర్రం బెదురుతుంది. తొమ్మిది కాకుండానే గుడి దగ్గరున్నాం.

గుడి బయట మైదానమంతా పిడకల పొగ. వందల పొయ్యిలు, అన్నిటి మీదా పాలగిన్నెలు, అందరి మొహాలూ తూర్పుకే. అంత పొగలోనూ బావ తల్లిని ఇట్టే పోల్చుకున్నాను. సన్నగా, నిటారుగా, మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను పలకరించక ముందే కనకం రెక్క పట్టుకుని చూసి, “పిల్ల సిక్కిపోనాది” అంది.

“తెల్లారకుండా లేపి రైలెక్కిస్తే సిక్కక బలుస్తాదేటత్తా?” అన్నాను.

ఇక అక్కణ్ణుంచి పాలు పొంగేదాకా మా మాటలు అలాగే నడిచాయి. వాళ్ళింట్లో ఆవు ఉందట, ఆడుకోడానికి ఈడు పిల్లలు ఉన్నారట, నావి ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన రెండు గదులేనట. అన్నీ మెల్లగానే చెప్పింది. ఒక్కటీ అబద్ధం కాదు, నాకు ఒళ్ళు మండింది అందుకే. రైల్లో వరసగా పేర్చుకున్న మాటలేవీ వీటికి పనికిరాలేదు. మా మధ్య కూర్చున్న కనకం చెరుకుముక్కతో నేల మీద గీతలు గీస్తోంది.

నైవేద్యానికి ముందు చిక్కుడుకాయల రథం కట్టాలి. అత్త ఆరేడు కాయలు తీసి, చీపురుపుల్లలు గుచ్చి, చకచకా చిన్న రథం నిలబెట్టింది. కనకం గీతలు మానేసి దగ్గరికి జరిగింది. పళ్ళెంలో రేగుపళ్ళున్నాయి. దాని చూపు వాటి మీద పడింది, తింటుందేమోనని బాగా ఎర్రవి ఏరి ఇచ్చాను.

“ఇవి కావు. దోరవి కావాల. పండువి ఊడిపోతాయి” అంది.

ఆ మాట మా అప్పది. మా పుట్టింట్లో ప్రతి మాఘంలోనూ పూజ అవ్వగానే రథాలు మేమే లాక్కునేవాళ్ళం. పుల్లని ఇరుసుగా దూర్చి, రెండు కొసలకీ దోర రేగుకాయలు గుచ్చితే అవే చక్రాలు. అరటినార కట్టి, వీధరుగు మీద పందెం. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ చక్రాలు తినాలి. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. ఓడితే నేను రోజంతా అన్నం మానేస్తానని అప్పకి తెలుసునని ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. ఇదంతా ఎలా మర్చిపోయానో నాకే తెలీదు. అప్ప మాత్రం మర్చిపోకుండా తన కూతురికి నేర్పింది.

కనకం దేవుడి రథానికి నాలుగు చక్రాలు గుచ్చింది. మూట కట్టిన నార విప్పి కట్టింది. నేను వారించేలోగా నేల మీద పెట్టి లాగేసింది. నైవేద్యం ఇంకా కాలేదు. పక్క పొయ్యి దగ్గరావిడ అపచారం అంటూ బుగ్గలు నొక్కుకుంది. అత్త మొహం వంక చూశాను. ఇదేనా నువ్వు నేర్పిన మడి అని ఒక్క మాట అంటే చాలు, పిల్ల ఆవిడదైపోతుంది.

అత్త వంగి ఆ చక్రాలు చూసింది.

“మీ అప్ప మా ఇంటికాడ ఏటేటా ఇలాగే సేసీది. నాను తిట్టీదాన్ని” అంది. తర్వాత కనకంతో, “లాగీ. కదలకపోతే అదేటి రథం” అంది.

ఇంకో రథం నేను కట్టాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, అన్ని పొయ్యిల మధ్యా, అంత జనం చూస్తుండగా కనకంతో పందెం వేశాను. నా వయసు ముప్పై నాలుగు. ఓడిపోయాను, అదీ కావాలనే. కనకం నా చక్రాలు పీకి నోట్లో వేసుకుని, ఆ పులుపుకి మొహం చిట్లించి, పకపకా నవ్వింది. అప్ప పోయాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. అత్త కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆనందమంటే నాకు అదే, ఇంకెక్కడా వెతకను.

అది ఎంతోసేపు నిలవలేదు. పరమాన్నం కొన్న చిక్కుడాకుల్లో పెట్టగానే కనకం వెళ్ళి మామ్మ ఒళ్ళో కూర్చుంది. నా ఆకు పక్కన పెట్టేశాను. అత్త దాని తల నిమురుతూ, తేల్చడానికి మనమెవరం, స్టేషన్లో ఏ బండెక్కుతానంటుందో దాన్నే అడుగుదాం అంది. దేవుడి ఎదుట కాదనలేకపోయాను.

శ్రీకాకుళం రోడ్డులో నౌపడ వైపు బండి ముందొస్తుంది, విజయనగరం వైపుది తర్వాత. మూడు దాటాక అత్త బండి వచ్చింది. ఆవిడ ఎక్కి, తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపింది. “కనకం, మామ్మతో వస్తావేటమ్మా?”

కనకం నా చెయ్యి వదిలేసింది. నేను పట్టుకోలేదు. పట్టుకోకూడదని నా వేళ్ళకి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. అది మెట్టు దగ్గరికి వెళ్ళి, రథాన్ని మామ్మ చేతిలో పెట్టింది.

“ఇది నీకు మామ్మా. నాకు పిన్ని సేస్తాది.”

అత్త రథాన్ని రెండు చేతులా అందుకుంది. గార్డు ఈల వేశాడు. బండి కదిలాక కిటికీలోంచి నన్ను చూసి, “ఎండలకి తేయీ దాన్ని” అంది. బండి వంపు తిరిగేదాకా ఆవిడ చెయ్యి బయటే ఉంది, అందులో రథం ఉంది. గెలిచానని అనుకోబోయాను గాని మనసొప్పలేదు. వేసవి ఎండలకి తప్పకుండా నౌపడ తీసుకెళ్తాను.

మా బండి గంట ఆలస్యం. చోటు దొరికింది. చీపురుపల్లి దగ్గర కనకం నా భుజం తట్టి, “పిన్నీ, ఇంట్లో సిక్కుడుకాయలున్నాయా?” అంది. ఉన్నాయన్నాను. దేవుడి దగ్గర్నుంచి వస్తూ ఆడిన మొదటి అబద్ధం.

గరివిడిలో దీపాలు పెట్టేవేళ దిగాం. మా గుమ్మం ఎక్కకుండానే పక్కింటి తలుపు కొట్టాను. ఆవిడ తీసి, గడప మీదే నిలబడింది. ఆ కోడి ఆవిడ వెనకే తిరుగుతోంది.

“వదినా, గుప్పెడు సిక్కుడుకాయలు కావాల. మా పిల్ల అడుగుతన్నాది” అన్నాను.