టెర్లిన్ చొక్కాల కాపలా

కుర్రాళ్లు రౌడీలెందుకవుతారని పెద్దమనుషులు చర్చలు పెడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. పేదరికమంటారు, పెంపకమంటారు. మా నాయన పెంపకంలో ఏ లోపమూ లేదు. రెండు పూటలా అన్నం తిన్నాను, వేళకు తన్నులూ తిన్నాను. నన్ను చెడగొట్టింది అర కప్పు చాయ్.

అరవైల చివర్లో యూనివర్సిటీలో చేరాను. ఊళ్లో తెలుగులో చదువుకొచ్చిన నేను క్లాసులో ఇంగ్లిష్ ముక్క తప్పు పలికితే లెక్చరర్ నవ్వాడు. ఆయన్ని చూసి క్లాసంతా నవ్వింది. నవ్వనివాడు నా హాస్టల్ రూమ్మేట్ ఒక్కడే. అనంతపురం వైపు పల్లెవాడు. వాళ్లింట్లో కాలేజీ మొహం చూసింది వాడే. ఏ గొడవలోనైనా ఇరుక్కుంటే చదువు మాన్పించి తీసుకుపోతానని తండ్రి చెప్పి మరీ పంపాడట. వాడు రోజూ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి గ్రామర్ చెప్పేవాడు. రెండేళ్లు కష్టపడితే వస్తుందన్నాడు. రౌడీ కావడానికి అంతసేపు పట్టదు.

తార్నాక ఇరానీ హోటల్లో మూల బల్ల ఉస్తాద్‌ది. బి.ఏ. మొదటి సంవత్సరాన్ని నాలుగోసారి శ్రద్ధగా చదువుతున్న మహానుభావుడు. ఒకనాడు నన్ను పిలిచి, తన చాయ్ సగం సాసర్లో పోసి నా ముందుకు తోశాడు.

"నిన్ను జూసి ఎవడు నవ్విండ్రా? ఇగ నువ్వు మనోనివి. మల్ల నవ్వమను, జూస్త" అన్నాడు.

నా జన్మ తరించింది. మర్నాడు క్లాసులో ఒక్కడూ నవ్వలేదు. లెక్చరరైతే నన్ను ప్రశ్నలడగడమే మానుకున్నాడు. గ్రామర్ వల్ల ఇంత పనవుతుందా?

ఉస్తాద్ రౌడీ ముఠాలో నాకిచ్చిన పదవి చొక్కాలు పట్టుకోవడం. మావాళ్లకు తలా ఒక్క టెర్లిన్ చొక్కా ఉండేది, ఆ రోజుల్లో అది ఖరీదైన గుడ్డ. కొట్లాటకు ముందు విప్పి, నలగకుండా నా చేతిమీద వేసేవాళ్లు. ఎదుటివాడి పళ్లు రాలినా ఫరవాలేదు గానీ వీళ్ల గుండీలు రాలకూడదు. ఎవరినీ కొట్టకుండా, ఎవరిచేతా తన్నులు తినకుండా వీరుణ్ణైపోయినందుకు నేను ఛాతీ విరుచుకుని నిలబడేవాణ్ణి.

ఒకరోజు మెస్సులో ఉస్తాద్ వరస తప్పించి పెరుగు దగ్గరికి పోయాడు. నా రూమ్మేట్ ఊరుకోక, "లైన్లో రాప్పా, అందరూ నిలబడుకోనుండారు కదా" అన్నాడు. అంతే, గరిటెడు పెరుగు కోసం యుద్ధం ఖాయమైంది.

"వాడు బయటికి ఎప్పుడు పోతడు?" అని సాయంత్రం హోటల్లో ఉస్తాద్ నన్నే అడిగాడు.

"ఆదివారం నాలుగింటికి. ఇంటికి ఉత్తరం ఎయ్యనీకి తార్నాక పోతడు" అన్నాను. అంతమందిలో నాకొక్కడికే తెలిసిన సంగతి మరి. గొప్పగా చెప్పాను, సిగ్గులేని వెధవని. ఊరికే బెదిరిస్తారనుకున్నానని తర్వాత చాలామందితో అన్నాను. అబద్ధం. అసలేమీ అనుకోలేదు.

ఆదివారం నా చేతిమీద నాలుగు చొక్కాలున్నాయి. పోస్టు డబ్బా పక్కన వాణ్ణి హాకీ కర్రతో కొట్టారు. కుడి మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వాడు నా వైపు చూశాడు. నేను చొక్కాలు పట్టుకునే ఉన్నాను. పరీక్షలకు ఇంకా పదిహేను రోజులున్నాయి.

మూడోనాడు వాళ్ల నాయన ఆస్పత్రికొచ్చాడు. కొడుకు మంచం పక్కనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు అడ్డం పడకుంటే సంపేసేవాళ్లంట కదా నాయినా. మావాడు చెప్పినాడు. ఇంటికి పిల్చుకోని పోదామనే వచ్చినా. నీ అట్లాటోడు తోడుండాడని ఈడ్నే ఇడిసిపోతాండా" అన్నాడు.

నేను కాదనలేదు. ఆయన కళ్లు తుడుచుకుని బస్సుకు వెళ్లాడు. ఎలా క్షమాపణ అడగాలో తెలియక, నన్నెందుకు కాపాడావని వాణ్ణి అడిగాను.

"నీకోసరం కాదప్పా" అన్నాడు వాడు. "నేను సదువుకోవల్ల."