నాలుగేళ్లు రాసిన మొదటి అధ్యాయం

నవల రాయాలనుకునే పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే, ఎలా మొదలుపెట్టాలి అని. ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంట వాళ్ల మీద కాదు, నా మీదే. మొదలుపెట్టడంలోనే నేను నాలుగేళ్లు పోగొట్టుకున్నాను.

అప్పుడు వేంపల్లెలో హైస్కూలు టీచరుగా ఉన్నాను. నా నవలలో ఒక చేనేత ఇంటి ఆడబిడ్డ. నాన్న నేసిన మగ్గాన్ని అన్న అమ్మేశాడని తెలిసి, నిలదీద్దామని పుట్టింటికి బయలుదేరుతుంది. మొదటి అధ్యాయమంతా ఆ బస్సు ప్రయాణమే. కిటికీలోంచి కనిపించే వేరుశనగ చేలు, పక్క సీట్లో తమలపాకు నములుతున్న ముసలామె, అన్నీ పెట్టాను. చదివితే ఏదో తక్కువైనట్టు ఉండేది. చించేసి మళ్లీ రాసేదాన్ని. చేలు పోయి కొండలు వచ్చేవి. ముసలామె పోయి పసిబిడ్డ తల్లి వచ్చేది. మా ఆయన ఎన్నో పేజీలో ఉన్నావని అడగడం కూడా మానేశాడు.

నాకు టైపు రాదు. రెండో శనివారాల్లో కడపకు పోయి, రాసిన కాగితాలు ఒక డీటీపీ సెంటరులో ఇచ్చేదాన్ని. అక్కడ టైపు చేసే ఆమెకు నాకంటే పదేళ్లు ఎక్కువే ఉంటాయి. పెళ్లిపత్రికలూ కరపత్రాలూ చేసే మనిషి. తప్పొప్పులు తప్ప వేరే మాట మాట్లాడేది కాదు. ఒకరోజు మాత్రం నా కాగితాలు తిరగేసి పక్కన పెట్టింది.

"ఆ యమ్మ బస్సు దిగేదెప్పుడు మేడం? నాకు శానా విసుగొచ్చాండాది."

నాకు చురుక్కుమంది. మొదటి అధ్యాయం కుదరకుండా రెండోది ఎలా రాస్తానని అడిగాను.

"ఇంటికి పోతే వాళ్లన్న ఏమంటాడో మీకు తెల్దు," అంది. "అందుకే దిగనీకుండా ఉండారు."

లేచి వచ్చేశాను. దారంతా ఆమెను తిట్టుకున్నాను. కానీ ఆమె అన్నది నిజం. అన్నాచెల్లెళ్లను ఎదురెదురుగా నిలబెట్టాలంటే నాకు భయం. ఆ భయాన్ని మొదటి అధ్యాయం చెక్కే పని కింద దాచుకుని, శ్రమ పడుతున్నానని అనుకున్నాను.

ఆ వారమే నా నవలలో ఆడబిడ్డను బస్సు దించాను. రాసింది ఘోరంగా వచ్చింది. అన్న ఉపన్యాసం చెప్పినట్టు మాట్లాడాడు, చెల్లెలు పేజీలకు పేజీలు ఏడ్చింది. అయినా చించకుండా ముందుకు పోయాను. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి అన్న నోరు తగ్గించాడు. ఏడాదిన్నరకు నవల పూర్తయింది.

మొత్తం ఒకసారి చదివి చూస్తే, అసలు కథ రెండో అధ్యాయంలో, ఆమె గడపలో నిలబడిన చోట మొదలైంది. బస్సు ప్రయాణం ఎవరికీ అక్కర్లేదు. ఆ సంగతి తెలిసినప్పుడు, నేర్చుకున్నానన్న తృప్తి ఏమీ కలగలేదు. ఏడుపొచ్చింది. వారం రోజులు ఆ కాగితాల కట్ట ముట్టుకోలేదు.

చివరికి కడపలో ఆ టైపు చేసే ఆమెకు ఫోన్ చేసి, మొదటి అధ్యాయం తీసేయమని చెప్పాను.

"తీసేస్తా గానీ, నా కంప్యూటర్లో ఒక కాపీ పెట్టుకుంటా మేడం," అంది. "అన్నిసార్లు టైపు కొట్టినా గదా, అది నాకు నోటికొచ్చు."

నవ్వాలనిపించలేదు. మీ ఇష్టం అని ఫోన్ పెట్టేశాను.